మత్తు వైద్యుల చదువు: రిసార్టు సభల నుంచి మార్కాపురం థియేటర్ దాకా

అమెరికాలో మత్తు డాక్టర్లకూ, మత్తు నర్సులకూ నడిచే సదస్సుల్లో ఒక రకం ఉంది. హవాయిలోనో, కరీబియన్ దీవుల్లోనో సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో కొన్ని రోజులు బస. పొద్దున టిఫిన్ వేళ నుంచి మధ్యాహ్నం దాకా పాఠాలు, ఆ తర్వాత ఎవరి షికారు వాళ్లది. ఇంటిల్లిపాదీ సెలవు గడిపి వస్తారు, వృత్తిలో కొనసాగడానికి కావలసిన క్రెడిట్లూ చేతికొస్తాయి. మన దేశంలోనూ డాక్టర్లు సీఎంఈ అని పిలుచుకునే నిరంతర వైద్య విద్యా సదస్సులు స్టార్ హోటళ్లలో, రిసార్టుల్లో జరగడం కొత్త సంగతేమీ కాదు.

పశ్చిమ ప్రకాశంలో నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల వైపు నుంచి చూస్తే ఇదే విషయం చాలా ప్రశ్నలు లేవదీస్తుంది. ఊళ్లో ఉన్న ఒక్క మత్తు డాక్టరు సదస్సుకు వెళ్తే ఆ రోజుల్లో సిజేరియన్లకు దిక్కెవరు? అక్కడ చెప్పేది ఇక్కడి రోగికి పనికొస్తుందా? ఆ ఖర్చు ఎవరు పెట్టారు, బదులుగా ఏం ఆశించారు? డాక్టరు పక్కన నిల్చుని మందులు అందించే టెక్నీషియన్‌కూ, స్టాఫ్ నర్సుకూ ఎవరు నేర్పుతున్నారు?

వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలిన మాట ఇది. మత్తు వైద్యంలో నిరంతర విద్య విలువను కూర్చున్న గంటలతో లెక్కగట్టలేం. ఆ చదువు తర్వాత ఆపరేషన్ థియేటర్లో ఏం మారిందన్నదే అసలు లెక్క. ఆ లెక్క ప్రకారం పశ్చిమ ప్రకాశం లాంటి చోట్లకు డాక్టరును వెతుక్కుంటూ చదువే రావాలి.

పట్టా తర్వాత చదువు ఎందుకు?

దీనికి జవాబు మన తెలుగు నేల చరిత్రలోనే ఉంది. 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాదులో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. వాటిని నడిపించినవాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఖర్చు భరించింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. రెండో కమిషన్ కోసం ఇంగ్లండు నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించడానికి నిజాం వెయ్యి పౌండ్లు పంపాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ వల్ల ముందు ఆగేది ఊపిరేననీ, గుండె దానంతట అది ఆగదనీ, కాబట్టి ఊపిరి ఒక్కటీ గమనిస్తే చాలనీ తేల్చారు. ఆ రోజుల్లో అది ప్రపంచం చెవినబడిన మాట. 1911లో లండన్‌కు చెందిన గుడ్‌మన్ లెవీ, తక్కువ మోతాదు క్లోరోఫామ్ కూడా గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా ఆపేయగలదని ప్రయోగాలతో చూపించాడు. హైదరాబాదు తీర్పును నమ్మి కేవలం ఊపిరిని చూస్తూ కూర్చున్న డాక్టరుకు ఆ కొత్త సంగతి అందకపోతే నష్టపోయేది బల్ల మీద ఉన్న రోగి.

అదే కాలపు మరో వ్యక్తిని కూడా ఇక్కడ తలచుకోవాలి. డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ 1885లో హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరి, క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరిన తొలితరం మహిళ. ఏళ్ల తరబడి పనిచేసిన తర్వాత కూడా ఆమె 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకున్నారు. మత్తు ఇచ్చేవాళ్లకు వాయువుల స్వభావం తెలిసి తీరాలన్నది ఆ చదువు వెనుక ఉన్న అవసరం. నిరంతర విద్య అన్న పేరు పుట్టకముందే దాన్ని ఆచరించి చూపిన మనిషి ఆమె.

మన కాలంలో ఈ మార్పు మరింత వేగంగా ఉంది. వెన్నులోనో, నరం దగ్గరో ఇచ్చే బుపివకైన్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే గుండె ఆగిపోవచ్చు. అలా ఆగిన గుండెను కొవ్వు ద్రావణం, అంటే లిపిడ్ ఎమల్షన్, రక్తనాళంలోకి ఎక్కించి కాపాడవచ్చని 1998లో ఎలుకల మీద తేలింది. మనిషి మీద తొలి విజయం 2006లో వెలువడింది. అంతకుముందే ఎండీ ముగించిన డాక్టరుకు కాలేజీలో ఈ పాఠం చెప్పి ఉండరు. కష్టమైన శ్వాసమార్గం విషయంలో అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. గొట్టం వేసే ప్రయత్నం ఎన్నిసార్లు చేయొచ్చు, ఎప్పుడు ఆపాలి, ఏ దశలో గొంతు ముందు భాగంలో రంధ్రం చేసి ఆక్సిజన్ ఇవ్వాలి అన్నది అవి మెట్టుమెట్టుగా చెబుతాయి. ఆ మెట్లు కాగితం మీద చదివితే అరగంట పని. రోగి పెదవులు నీలమవుతున్న క్షణంలో అవి చేతికి రావాలంటే మాత్రం మళ్లీ మళ్లీ సాధన చేసి ఉండాలి.

నిబంధనలు ఏం అడుగుతున్నాయి?

భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లకు 30 గంటల నిరంతర విద్యలో పాల్గొనాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లకోసారి జరిగే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఈ క్రెడిట్లు చూపాలి. లెక్క వేస్తే ఏడాదికి ఆరు గంటలు. రోజూ నలుగురు ఐదుగురి ఊపిరిని చేతుల్లోకి తీసుకునే వృత్తికి ఇది చాలా తక్కువ. పైగా ఆ 30 గంటలు ఏ అంశం మీద అన్న పట్టింపు లేదు. మత్తు డాక్టరు మధుమేహ సదస్సులో కూర్చున్నా గంటలు గంటలే.

అమెరికాలో పద్ధతి కొంత మారింది. అక్కడి అనస్థీషియాలజీ బోర్డు 2000 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లకు పదేళ్ల గడువు పెట్టింది. తర్వాత పదేళ్లకోసారి పెద్ద పరీక్ష అన్న పద్ధతిని తీసేసి, ఏడాది పొడవునా ఫోన్‌కో, కంప్యూటర్‌కో ప్రశ్నలు పంపడం మొదలుపెట్టింది. ఏడాదికి 120 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక నిమిషం. తప్పు చెప్పిన అంశం కొన్నాళ్లకు మళ్లీ ఎదురవుతుంది. కొద్దికొద్దిగా, తరచుగా నేర్చుకోవడం ఒకేసారి మోపెడు వినడం కన్నా నిలుస్తుందన్న అవగాహన దీని వెనుక ఉంది. ఇందులో మనం తీసుకోదగిన సంగతి ఒకటుంది. ఈ పద్ధతికి రిసార్టూ అక్కర్లేదు, విమానం టికెట్టూ అక్కర్లేదు. గిద్దలూరులో రెండు కేసుల మధ్య దొరికిన నిమిషంలోనూ జరిగిపోతుంది.

రిసార్టు ఖర్చు ఎవరిది?

రిసార్టు సదస్సు మీద అసలు అభ్యంతరం సముద్రం గురించి కాదు, డబ్బు గురించి. 1992లో చెస్ట్ అనే వైద్య పత్రికలో ఓర్లోవ్‌స్కీ, వాటెస్కా ఒక పరిశోధన ప్రచురించారు. మందుల కంపెనీలు అన్ని ఖర్చులూ పెట్టుకుని డాక్టర్లను విహార కేంద్రాల్లో సదస్సులకు తీసుకెళ్లాక, ఆ ఆసుపత్రిలో ఆ మందుల వాడకం ఎలా మారిందో లెక్క కట్టారు. ఒక మందు వాడకం మూడు రెట్లు దాటింది, ఇంకొకటి రెండు రెట్లు దాటింది. బయల్దేరే ముందు అడిగితే, ఆ ప్రయాణం తమ మీద ఏ ప్రభావమూ చూపదని డాక్టర్లలో అత్యధికులు చెప్పారు. వాళ్లు అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు. ఆతిథ్యం మనిషికి తెలియకుండానే పనిచేస్తుందన్నదే ఆ పరిశోధన చెప్పిన నిజం.

మన దేశంలో నియమాలు ఆ దిశగానే బిగుసుకుంటూ వచ్చాయి. 2009 డిసెంబరులో వైద్య మండలి నియమావళికి చేసిన సవరణ కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ సౌకర్యాలు, ఆతిథ్యం తీసుకోవడాన్ని నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లాబొరేటరీస్ కేసులో, డాక్టర్లకిచ్చే ఇలాంటి కానుకలను వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను మినహాయింపు అడగడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో, వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ ఇంకా కఠినమైన నిబంధనలు తెచ్చింది గానీ, అదే నెలలో వాటిని పక్కన పెట్టింది. 2024 మార్చిలో కేంద్రం మందుల మార్కెటింగ్‌కు ఏకరూప నియమావళి ప్రకటించింది. వక్తగా వెళ్తే తప్ప డాక్టరుకు గానీ, కుటుంబానికి గానీ కంపెనీ ప్రయాణ టికెట్లు, హోటల్ బస, రిసార్టు వసతి సమకూర్చకూడదని అది చెబుతోంది. కంపెనీలు విదేశాల్లో ఇలాంటి కార్యక్రమాలు పెట్టడం నిషిద్ధం.

మత్తు వైద్యానికి ఈ నియమాలు మరింత అవసరం. మత్తు మందును రోగి ఎంచుకోడు, దాని పేరు కూడా అతనికి తెలియదు. ఖరీదైన కొత్త మందు వాడాలా, దశాబ్దాలుగా పనిచేస్తున్న చవక మందు చాలునా అన్నది పూర్తిగా డాక్టరు విచక్షణ. ఆ విచక్షణ మీద ఎవరి ఉప్పూ ఉండకూడదు.

అయితే రిసార్టు సదస్సుకు ఒక న్యాయమైన పక్షం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. చిన్న ఊళ్లో మత్తు డాక్టరు ఒంటరి. తను చేసింది సరైనదో కాదో అడగడానికి పక్క గదిలో సీనియరు ఉండడు. రాత్రీ పగలూ ఫోను మోగుతుంది, పండగ పూటా కేసు వస్తుంది. అలాంటి మనిషికి తోటివాళ్లను కలవడం, కష్టమైన కేసులు చెప్పుకోవడం, రెండు రోజులు నిద్రపోవడం కూడా వైద్యమే. అలసిన డాక్టరు రోగికి ప్రమాదం. కాబట్టి సొంత ఖర్చుతోనో, సంఘం చందాతోనో, ఆసుపత్రి కేటాయించిన నిధితోనో జరిగే సభ ఎంత అందమైన చోట జరిగినా తప్పు పట్టను. తేడా చేసేది డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది, పాఠం ఎలా జరిగింది అన్నవే.

వింటే సరిపోతుందా?

పాఠం విషయానికొస్తే పరిశోధనలు దాపరికం లేకుండా చెబుతున్నాయి. వైద్య సదస్సులు ఆచరణను ఎంత మారుస్తాయన్న దానిపై కోక్రేన్ సంస్థ 2009లో, మళ్లీ 2021లో వందల అధ్యయనాలను కలిపి పరిశీలించింది. సదస్సుల వల్ల మేలు ఉంది, కానీ కొద్దిగానే. కోరుకున్న పద్ధతిని పాటించే తీరు సగటున ఆరు ఏడు శాతం మేర పెరుగుతోంది. వట్టి ఉపన్యాసాలు వైద్యుల ఆచరణను దాదాపు మార్చవనీ, చేయించి చూపించే పాఠాలు మారుస్తాయనీ 1999లో డేవిస్ బృందం జామా పత్రికలో తేల్చింది. ఎన్నేళ్ల అనుభవం ఉంటే అంత మంచి వైద్యం అన్న నమ్మకం కూడా నిలబడలేదు. 2005లో చౌధరి బృందం పాత అధ్యయనాలను పరిశీలించి, ఏళ్లు గడిచేకొద్దీ కొత్త ప్రమాణాలను పాటించడం తగ్గే అవకాశం ఉందని చూపింది.

గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ లాంటి నైపుణ్యాలు శిక్షణ తర్వాత కొద్ది నెలల్లోనే మసకబారతాయి. అందుకే బొమ్మల మీద సాధన ఈ వృత్తికి ప్రాణం. సీపీఆర్ బొమ్మ రెససీ ఆన్ 1960లో వచ్చింది. దాని వెనుక ఉన్న పీటర్ సఫార్ మత్తు వైద్యుడే. థియేటర్లో వచ్చే ఆపదలను నటించి సాధన చేయించే పద్ధతిని స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా బృందం రూపొందించింది. విమాన పైలట్ల శిక్షణ నుంచి అది ప్రేరణ పొందింది. మన దేశంలో భారతీయ అనస్థీషియాలజిస్టుల సంఘం 2017లో భారతీయ రెససిటేషన్ మార్గదర్శకాలు వెలువరించి, సామాన్యులకు సైతం ఛాతీ నొక్కడం నేర్పే కార్యక్రమం చేపట్టింది. 1947లో పుట్టిన ఆ సంఘం చేసిన మంచి పనుల్లో ఇదొకటి. దీనికి కావలసినవి ఒక బొమ్మ, ఒక హాలు, ఓపికగల గురువు. మూడూ మార్కాపురానికి తేగలిగినవే.

ఈ ప్రాంతపు రోగి

నగరపు సదస్సులో రోబో సర్జరీకి మత్తు గురించి వింటాం, కాలేయ మార్పిడి గురించి వింటాం. పశ్చిమ ప్రకాశం థియేటర్‌కు వచ్చే రోగి వేరు.

ముందుగా ఫ్లోరోసిస్. మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో షార్ట్ బృందం, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోవే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చాయి. 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలో, అంటే ప్రకాశంలో, ఇవన్నీ కలిశాయి. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగిన వెన్నులో కీళ్లను కలిపే పట్టీలు ఎముకగా మారిపోతాయి. అలాంటి పెద్దాయన తుంటి విరిగి బల్ల మీదికొస్తే, మోకాళ్లు పొట్టకు ఆనించి పడుకోమన్నా వెన్ను వంగదు. నడుము దగ్గర రెండు పూసల మధ్య సందు కోసం వేలితో తడిమితే అంతా ఒకే రాయిలా తగులుతుంది. సూది రెండు సెంటీమీటర్లు దిగీ దిగకముందే ఎముకకు కొట్టుకుంటుంది. నడిమధ్యన దారి దొరక్కపోతే పక్కనుంచి ఏటవాలుగా ప్రయత్నించాలి. అదీ కుదరకపోతే అన్నిటికన్నా కింద, చివరి నడుము పూసకూ త్రికాస్థికీ మధ్య ఉండే వెడల్పు సందును వెతకాలి. అల్ట్రాసౌండ్ ఉంటే ఆ సందు ముందే కనిపిస్తుంది. పోనీ పూర్తి మత్తు ఇద్దామంటే మెడ కూడా బిగుసుకుపోయి ఉంటుంది, గొట్టం వేయడం కష్టం. ఈ రోగి గురించిన పాఠం హవాయిలో దొరకదు. ఇక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న డాక్టర్లే దానికి గురువులు.

తర్వాత పాము కాటు. నల్లమల పల్లెల్లో నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కాటేస్తే చాలాసార్లు నొప్పి తెలియదు, గాయమూ కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, చివరికి ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఆ సమయంలో గొట్టం వేసి ఊపిరి అందించగలిగిన చెయ్యి ఉంటే మనిషి బతుకుతాడు. కళ్లు తెరవలేక, వేలు కదపలేక, కంటిపాపలు విప్పారి పడి ఉన్న ఆ మనిషి మెదడు చచ్చిపోయినట్టు కనిపిస్తాడు గానీ, పూర్తి స్పృహతో అన్నీ వింటుండవచ్చు. వెంటిలేటర్ మీద రోజుల తరబడి నిలబెడితే లేచి ఇంటికి నడిచివెళ్లే రోగి అతను. నాగుపాము కాటైతే నియోస్టిగ్మిన్, అట్రోపిన్‌తో కొంత గుణం కనిపించవచ్చు. ఈ రెండూ మత్తు డాక్టరు రోజూ వాడే మందులే. 2024 మార్చిలో కేంద్రం పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించే జాతీయ కార్యాచరణ ప్రకటించింది. ఆ లక్ష్యం చేరాలంటే యాంటీవెనమ్ సీసాలతో పాటు ఊపిరి నిలబెట్టే చేతులూ కావాలి.

పురుగుమందు తాగిన కేసులు మరొకటి. ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగిన రోగికి గొట్టం వేసేటప్పుడు మామూలుగా వాడే సక్సినైల్‌కోలిన్ వాడితే, నిమిషాల్లో దిగిపోవాల్సిన దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది. దాన్ని విరిచే ఎంజైమును ఆ విషం అప్పటికే పడగొట్టి ఉంటుంది. ఇక పలక గనుల్లో, పలకలు కోసే షెడ్లలో రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మార్కాపురం సొంత సమస్య. ఘాట్ రోడ్ల ప్రమాదాల్లో నెత్తురు కోల్పోయి వచ్చేవాళ్లు ఉన్నారు.

అన్నిటికన్నా ఎక్కువ కాన్పులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. రాష్ట్ర మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. రక్తం తక్కువున్న తల్లికి వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ పడిపోతే, ఆ నాలుగైదు నిమిషాలు డాక్టరు కళ్లు మానిటర్ వదలకూడదు. సరైన మందు సరైన మోతాదులో వెంటనే ఇవ్వాలి, గర్భం పెద్ద రక్తనాళం మీద పడకుండా ఎడమవైపు వంచాలి. మామూలు పనిలా కనిపించే ఈ కేసే ఇక్కడి నిరంతర విద్యకు మొదటి పాఠం కావాలి.

వెళ్లలేనివాళ్లు, పిలుపే రానివాళ్లు

ప్రపంచ శస్త్రచికిత్సపై లాన్సెట్ కమిషన్ 2015లో ఒక కొలబద్ద పెట్టింది. సిజేరియన్, కడుపు ఆపరేషన్, విరిగి బయటికొచ్చిన ఎముకకు చికిత్స, ఈ మూడూ జనానికి రెండు గంటల ప్రయాణంలో అందాలి. గిద్దలూరు నుంచి ఒంగోలు సుమారు 140 కిలోమీటర్లు. కొమరోలు అవతలి పల్లె నుంచో, దోర్నాల మీది గూడెం నుంచో లెక్కేస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ రెండు గంటల మాట నిలవాలంటే మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెంలలోనే ఆపరేషన్లు జరగాలి, అక్కడే మత్తు ఇచ్చేవాళ్లుండాలి. చిన్న పట్టణాల్లో ఒకరిద్దరు మత్తు డాక్టర్లే సంచీ భుజాన వేసుకుని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి ఆన్ కాల్‌గా తిరగడం తెలిసిందే. వాళ్లు ఊరు వదిలితే థియేటర్లు మూతపడతాయి, కేసులు రిఫర్ అవుతాయి. చదువుకోవాలన్న కోరిక ఉన్నా కదల్లేనివాళ్లు వాళ్లే.

వాళ్ల పక్కన ఉండే టెక్నీషియన్లకూ, నర్సులకూ అసలు పిలుపే రాదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం అనస్థీషియా టెక్నాలజిస్టులను గుర్తింపు పొందిన వృత్తిగా చేర్చింది. గుర్తింపుతో పాటు చదువూ రావాలి. ఎందుకో ఒక ఉదాహరణ. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇస్తున్నారు, మేలు జరుగుతోంది. కానీ దాని ఆంప్యూల్ కొన్నిసార్లు వెన్నులోకి ఇచ్చే బుపివకైన్ ఆంప్యూల్‌లాగే ఉంటుంది. పొరపాటున అది వెన్నులోకి వెళ్తే తీవ్రమైన మూర్ఛలు వస్తాయి. వైద్య పత్రికల్లో నమోదైన కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ ప్రమాదంపై హెచ్చరిక చేసింది. నివారణ చాలా సులభం: ఆ మందును మత్తు మందుల ట్రేలో ఉంచకూడదు, ఎక్కించేముందు లేబుల్ ఇద్దరు చదవాలి. ట్రే సర్దేది డాక్టరు కాదు. ఆ హెచ్చరిక ట్రే సర్దే మనిషికి, ఆమెకు అర్థమయ్యే తెలుగులో చేరకపోతే డాక్టరు ఎన్ని సదస్సులకు వెళ్లినా ప్రయోజనం లేదు.

2005లో బ్రిటన్‌లో ఒక చిన్న ముక్కు ఆపరేషన్‌కు వచ్చిన యువతికి గొట్టం వేయలేకపోయారు, ఊపిరీ అందించలేకపోయారు. అనుభవజ్ఞులైన డాక్టర్లు అదే ప్రయత్నం పదేపదే చేస్తూ ఉండిపోయారు. గొంతుకు రంధ్రం చేసే పరికరాలను ఒక నర్సు సిద్ధం చేసినా, ఆ మాట పైవాళ్లకు చేరలేదు. ఆ యువతి బతకలేదు. పైలట్ అయిన ఆమె భర్త ఆ తర్వాత వైద్య బృందాల్లో మాట చెప్పే ధైర్యం, వినే అలవాటు పెంచడానికి ఒక సంస్థే నెలకొల్పారు. డాక్టర్లకు వేరుగా, నర్సులకు వేరుగా నేర్పితే ఈ లోటు తీరదు. ఒకే థియేటర్లో పనిచేసేవాళ్లు ఒకే గదిలో కలిసి నేర్చుకోవాలి.

ఉన్న దారులు, చేయదగ్గవి

దీనికి కావలసిన దారులు చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ నియమాల ప్రకారం పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలి. ఆ పీజీ మార్కాపురం వస్తే అక్కడి డాక్టరుకు సెలవు దొరుకుతుంది, కాలేజీ నుంచి కొత్త సంగతులు వస్తాయి, పీజీకేమో పుస్తకంలో లేని వెన్ను తెలుస్తుంది. గ్రామీణ కాన్పుల కోసం ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రాణరక్షక మత్తు నైపుణ్యాలు నేర్పే కేంద్ర కార్యక్రమం 18 వారాల శిక్షణగా మొదలై 24 వారాలకు పెరిగింది. ఆ శిక్షణ పొందినవాళ్లచేత ఏటా మళ్లీ సాధన చేయించాలి. లేకపోతే నేర్చుకున్నది చేజారుతుంది.

దూరం నుంచి నేర్పే పద్ధతుల్లో ప్రాజెక్ట్ ఎకో నిలబడింది. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా దాన్ని మొదలుపెట్టారు. పల్లె డాక్టర్లు వారం వారం వీడియోలో తమ కేసులు చెబుతారు, నిపుణులు, తోటి డాక్టర్లు కలిసి చర్చిస్తారు. హెపటైటిస్ సి చికిత్సలో ఈ పల్లె డాక్టర్ల ఫలితాలు విశ్వవిద్యాలయ ఆసుపత్రితో సమానంగా వచ్చాయని 2011లో తేలింది. ఒంగోలు, గుంటూరు, కర్నూలు వైద్య కళాశాలల మత్తు విభాగాలు నెలకు రెండు సాయంత్రాలు ఇలా మార్కాపురం వైపు డాక్టర్లతో, టెక్నీషియన్లతో తెలుగులో కూర్చుంటే అదే పెద్ద విశ్వవిద్యాలయం. ఘాట్ రోడ్డు దాటితే వచ్చే నంద్యాలలో 2023లో కొత్త వైద్య కళాశాల ప్రారంభమైంది. అది గిద్దలూరుకు ఒంగోలు కన్నా దగ్గర. చదువుకోడానికి డబ్బు కూడా అక్కర్లేదు. భారతీయ అనస్థీషియాలజిస్టుల సంఘం పత్రిక ఇండియన్ జర్నల్ ఆఫ్ అనస్థీషియా, అనస్థీషియాలజిస్టుల ప్రపంచ సమాఖ్య పాఠాలు ఎవరైనా ఉచితంగా చదవొచ్చు.

మార్కాపురానికి సొంత వైద్య కళాశాల కోసం 2021 మేలో శంకుస్థాపన జరిగింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో పూర్తి చేయాలని నిర్ణయించింది, ఆ నిర్ణయంపై వాదోపవాదాలు సాగాయి. ఏ పద్ధతిలో వచ్చినా అందులో మత్తు విభాగం, సాధనకు నైపుణ్య గది, చుట్టుపక్కల ఆసుపత్రుల సిబ్బందికి అందులో ప్రవేశం ఉండాలని ఈ ప్రాంతం గట్టిగా అడగాలి.

అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు మత్తు డాక్టర్లు సెలవుల్లో ఊరికొచ్చి ఆరోగ్య శిబిరాలు పెడుతున్నారు. శిబిరం ఒక రోజుతో ముగుస్తుంది. అందులో సగం సమయం ఇక్కడి థియేటర్ బృందంతో బొమ్మ మీద సాధనకు కేటాయిస్తే దాని ఫలం ఏళ్ల తరబడి ఉంటుంది.

విహార స్థలమే కావాలనుకుంటే అదీ మనకు దగ్గర్లోనే ఉంది. శ్రీశైలం, దోర్నాల దారిలో అటవీ శాఖ పర్యాటకం నడిపే తుమ్మలబైలు, గిద్దలూరు నంద్యాల మధ్య పచ్చర్ల. ఇక్కడి డాక్టర్లు, టెక్నీషియన్లు, నర్సులు తలా కొంత వేసుకుని కుటుంబాలతో రెండు రోజులు వచ్చి, పొద్దున పాము కాటు, ఫ్లోరోసిస్ వెన్ను, సిజేరియన్ రక్తస్రావం మీద సాధన చేసి, సాయంత్రం అడవిలో తిరగొచ్చు. ఆ రెండు రోజులు థియేటర్లు చూసుకోడానికి ప్రత్యామ్నాయ డాక్టరును పంపే ఏర్పాటు జిల్లా ఆరోగ్య శాఖ చేయాలి. ఈ ఒక్క ఏర్పాటూ లేకపోతే పైన చెప్పినవేవీ ఒంటరి డాక్టరుకు అందవు.

జాతీయ వైద్య కమిషన్ కూడా తన లెక్క మార్చుకోవాలి. ఐదేళ్లకు 30 గంటల్లో సగమైనా సొంత విభాగంలో, చేతులతో చేసిన సాధనగా ఉండాలి. ఆసుపత్రిలోనే బృందంతో చేసిన అభ్యాసానికి క్రెడిట్ ఇవ్వాలి. అప్పుడు మార్కాపురంలో ఒక మధ్యాహ్నం నలుగురు కలిసి చేసిన శ్వాసమార్గ సాధన స్టార్ హోటల్ ఉపన్యాసానికి సమానంగా లెక్కకొస్తుంది. నల్లమల కింద కాన్పుకొచ్చిన తల్లికీ, కట్లపాము కాటుతో వచ్చిన పిల్లవాడికీ నగరంలో దొరికే భద్రతే దొరకాలి. దాన్ని వాళ్లకు ఇవ్వగలిగేది నిత్యం నేర్చుకునే మత్తు బృందం మాత్రమే, ఆ బృందానికి చదువు అందించడం ప్రభుత్వం, కళాశాలలు, వృత్తి సంఘం ఉమ్మడిగా మోయాల్సిన బాధ్యత.